ఎర్రగట్టు ఎక్కిన వెర్నా నీళ్ళబండి

వెర్నా అడాకై నీళ్ళబండి ఎర్రగట్టు మీద కూలబడిన రోజున అందరికంటే ముందు అక్కడికి చేరింది ఆమె బావ హోస్కీ. సాయానికే వచ్చాడు, ట్రాక్టరు కూడా తెచ్చాడు. కాకపోతే గొలుసు తగిలించే ముందు కడుపారా నవ్వుకున్నాడు.

బండి ముక్కు ఆకాశం వైపుంది. వెనక ఇరుసులో ఒక కడ్డీ పుటుక్కున తెగింది. మిగిలిన చక్రం జిగట మన్నులో గుంట తవ్వుకుని కూర్చుంది. నిండు ట్యాంకుతో దాన్ని ఎవరూ కదల్చలేరు. వెర్నా దిగి, పెదవులు బిగించి, ట్యాంకు వెనక కుళాయి తిప్పేసింది. నీళ్ళన్నీ చక్రాల చాళ్ళలోంచి వాగైపోయి కిందికి పారాయి. పైన, నెత్తి చదునుగా ఉండే బల్లకొండ మీద ఆమె చిన్నమ్మ నెజ్‌బా ఖాళీ పీపాలు వరసగా పెట్టుకుని, గొర్రెల్ని దొడ్లో ఆపుకుని ఎదురుచూస్తోంది.

"ఏం మరదలా, రోడ్డుకి నీళ్ళు పెడుతున్నావా? ఎప్పటికి కాపుకొస్తుందంటావ్?" అన్నాడు హోస్కీ.

"కొంచెం నీ నెత్తిన కూడా పోస్తా ఉండు బావా. లోపలేమైనా మొలుస్తుందేమో."

మేనత్త కొడుకూ మేనమామ కూతురూ ఎదురుపడితే ఒకరినొకరు ఏడిపించుకోకపోవడం అక్కడ మర్యాద కాదు. అమెరికా ఎడారిలోని నవాహో నేల మీద పుట్టినవాళ్ళెవరికీ ఆ సంగతి చెప్పక్కర్లేదు. వెర్నా కూడా మాటకు మాట అంటించింది. కానీ ఆ సాయంత్రం ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ, పైన గొర్రెలు అరుస్తూ ఉంటాయన్న ఆలోచన వచ్చేసరికి చేతులు ఆగిపోయాయి. ఒలికిన నీళ్ళ బాధ నీళ్ళు మోసేవాళ్ళకే తెలుస్తుంది.

ఆ ట్రక్కు వాళ్ళ నాన్నది. బల్లకొండ మీద కాపురముండే కుటుంబాలకి నాన్న నీళ్ళు మోశాడు. పదేళ్ళు బడి బస్సు నడిపిన వెర్నా, ఆయన పోయాక బస్సు తాళాలు ఇచ్చేసి ఈ తాళం పుచ్చుకుంది. పొట్టి మనిషి. సీటు మీద మడతపెట్టిన గొంగడి వేసుకుంటే గానీ స్టీరింగు మీదుగా దారి కనపడదు. కానీ ఆ చేతుల్లో బండి ఎలాంటి దారిలోనైనా చెప్పినమాట వినేది. ఎర్రగట్టు ఒక్కటే వినేది కాదు.

ఆ దారిలో మూడు గండాలున్నాయి. మొదటిది ఇసుకవాగు. రెండోది 'పక్కవాటు' అని అందరూ పిలిచే చోటు. కొండ నడుమున దారి లోయ వైపుకి వాలి ఉంటుంది, దాని మీద ఎర్రటి జిగట మన్ను. ఎండినప్పుడు రాయిలా ఉంటుంది, తడిస్తే వెన్న. అది దాటగానే మూడోది, రాతి మెట్టు. అక్కడ ఒక వెనక చక్రం గాల్లోకి లేవకుండా ఏ బండీ ఎక్కదు.

చక్రం గాల్లోకి లేచిందంటే బండి ఆగిందన్నమాటే. ఇరుసు మధ్యలో ఉండే గుండ్రటి పెట్టెని మెకానిక్కులు గుమ్మడికాయ అంటారు. ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచేది అదే. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, దేని వేగాన దాన్ని తిరగనిస్తుంది. మంచి రోడ్డు మీద అది సుగుణం. బురదలో అదే శాపం. ఏ చక్రానికి పట్టు లేదో బలమంతా దానికే ధారపోస్తుంది. పట్టున్న చక్రం పక్కనే నిలబడి చూస్తుంటుంది. అందుకని పోయిన వేసవిలో వెర్నా ఆ గుమ్మడికాయ విప్పి, లోపలి చిన్న పళ్ళచక్రాల్ని ఒకదానికొకటి వెల్డింగు పెట్టేసింది. ఇక రెండు చక్రాలూ కలిసే తిరుగుతాయి. మెట్టు ఎక్కింది కూడా, చాలాసార్లు. కానీ ప్రతి మలుపులోనూ టైర్లు కీచుమనేవి, కడ్డీలు మెలిపడేవి. ఆ మెలికలన్నీ లోపల దాచుకుని చివరికి ఎర్రగట్టు మీద ఒకటి తెగింది.

శీతాకాలం ముందు హోస్కీ షెడ్డులో బండిని దిమ్మల మీదికెక్కించారు. హోస్కీకి వెల్డింగే వృత్తి. గొర్రెల దొడ్లకి గేట్లు, గుర్రాల ట్రైలర్లు, పొయ్యిగొట్టాలు, ఏదైనా చేస్తాడు. షెడ్డు మధ్యలో కట్టెల పొయ్యి, దాని మీద ఎప్పుడూ మసిలే కాఫీ.

"ఆ వెల్డింగు తీసేసి, చక్రాల్ని తనంతట తనే కలిపి కట్టేసే లాకరు పెడదాం," అన్నాడు. "నువ్వు గ్యాసు పెడలు తొక్కితే చక్రాలు రెండూ కలుస్తాయి. మలుపులో తొక్కడం ఆపితే విడిపోతాయి. తీగల్లేవు, గొట్టాల్లేవు, స్విచ్చి లేదు. మొద్దు సామాను. నీలాగే."

"మరి పక్కవాటు మీద?"

"ఏముంది పక్కవాటు మీద?"

"అక్కడ గ్యాసు తొక్కకుండా పోగలనా? తొక్కితే అది కలుస్తుంది. కలిస్తే రెండు చక్రాలూ ఒక్కసారే జారతాయి. రెండూ జారితే బండి వెనకభాగం లోయ వైపుకి నడుస్తుంది. విడిగా ఉంటే పై చక్రం ఒక్కటే తిరుగుతుంది, కింది చక్రం నేలని పట్టుకునుంటుంది."

"పోనీ సగం పట్టు పట్టేది పెట్టు. పట్టీలు రాసుకుని బలం పంచుతుంది."

"నిండు ట్యాంకు బరువుకి ఆ పట్టీలు ఎన్నాళ్ళుంటాయి? అదీగాక చక్రం గాల్లో ఉంటే అదేం పంచుతుంది, నా మొహం! నాకు కావాల్సింది నేను కలవమంటే కలిసేది, విడిపొమ్మంటే విడిపోయేది. గాలితో పనిచేసేది ఉంది కదా."

హోస్కీ కాఫీ కప్పు కింద పెట్టాడు. "గాలిదా! ఇంత పొడుగు ప్లాస్టిక్కు గొట్టం ఇరుసు దాకా వేలాడుతుంటుంది. ఏదో ఒక ముల్లకంప పుటుక్కుమనిపిస్తుంది. కొండ మీద కూర్చుని దానికి పాట పాడతావా?"

ఇది రెండు రోజులు నడిచింది. హోస్కీ భార్య అన్నం తినమని పిలిచినా ఆపలేదు. మూడోరోజు పొద్దున వాన పడింది. వెర్నా బండికి పాత కడ్డీ ఒకటి తాత్కాలికంగా తొడిగి, తలుపు తీసి పట్టుకుంది.

"మాటలెందుకు? ఎక్కు బావా. లోయ వైపు కూర్చో."

ఖాళీ ట్యాంకుతో, వెల్డింగు పెట్టిన పాత ఇరుసుతోనే పక్కవాటు మీదికి పోనిచ్చింది. పదడుగులు బాగానే పోయింది. ఆ తర్వాత బండి ముందుకీ పోతోంది, పక్కకీ పోతోంది. హోస్కీ కిటికీలోంచి కిందికి చూశాడు. దారి అంచు కనపడలేదు. లోయ అడుగున ఉన్న తుమ్మపొదలు మాత్రం కనపడ్డాయి.

"వెర్నా."

"ఊఁ."

"వెర్నా, ఆపు!"

"ఆపితే ఇంకా జారుద్ది బావా. తొక్కనా? నీ మొద్దు సామాను ఎట్టా పనిచేస్తుందో చూద్దువుగాని."

హోస్కీ ఆమె ఒడి మీదుగా పాకి, కొండ వైపు తలుపు తీసుకుని కిందికి దూకాడు. ఆ పాకడంలో అతని టోపీ పోయింది, పరువూ పోయింది. వెర్నా మెల్లగా బండిని కొండకి ఆనించి, వెనక్కి తీసుకొచ్చి ఆపింది. హోస్కీ మోకాళ్ళ దాకా ఎర్రమన్నుతో నిలబడి ఊపిరి పీల్చుకున్నాడు.

"గాలిదే పెడదాం," అన్నాడు.

అది అమర్చడానికి శీతాకాలమంతా పట్టింది. అన్నాళ్ళూ కొండ మీదివాళ్ళు మంచు కరిగించుకుని గడిపారు. లాకరు ఒక్కటీ పెడితే చాలదని ఇద్దరికీ తెలుసు. చక్రాల్ని కట్టేసే బలం ఎక్కడో ఒకచోట బయటపడాల్సిందే. ఏది అన్నిటికంటే మెత్తనో అక్కడ విరుగుతుంది. ముందు కడ్డీలు మార్చారు. పాతవాటికంటే లావువి, గట్టి ఉక్కువి, చివర్న పళ్ళు ఎక్కువున్నవి. వాటికి సరిపోయే లాకరే తెప్పించింది వెర్నా. తర్వాత ఇరుసు గొట్టాన్ని దారం కట్టి చూస్తే మధ్యలో కొద్దిగా కుంగి ఉంది. ఇన్నేళ్ళ నీళ్ళ బరువు.

"మా నాన్న నడుములాగే వంగింది," అంది వెర్నా.

"మీ నాన్న నడుం నేను సరిచెయ్యలేకపోయాను. దీన్ని చేస్తాను," అన్నాడు హోస్కీ. ఆ మాట వేళాకోళంగా అనలేదు.

గొట్టాన్ని వేడిచేసి, జాకీలతో నొక్కి నిటారు చేశాడు. దాని వీపు మీద ఈ చివరనుంచి ఆ చివరదాకా వంతెనకి వేసే దూలంలాంటి ఉక్కు చట్రాన్ని అతికాడు. ఒకేచోట కాలిస్తే మళ్ళీ వంగుతుందని ఇక్కడ ఇంత, అక్కడ ఇంత కాల్చి, చల్లారేదాకా కాఫీ తాగి, మళ్ళీ కాల్చాడు. గొట్టాలు గుమ్మడికాయలోకి దూరే చోట చుట్టూ వెల్డింగు తిప్పాడు. వెనక మూతకి మందపాటి రేకు వేశాడు, రాయి తగిలితే రాయే విరగాలని.

గేరు పళ్ళు కలపడం మాత్రం వెర్నా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. పెద్ద చక్రం పళ్ళకి పసుపుపచ్చటి ముద్ద పూసి, చేత్తో తిప్పి, చిన్నదాని పళ్ళు ఎక్కడ రాసుకున్నాయో చూసేది. గుర్తు పంటి నడుమ పడాలి. అంచుకి పడితే పల్చటి రేకు ఒకటి తీసి ఇంకోటి వెయ్యాలి, మళ్ళీ బిగించాలి, మళ్ళీ తిప్పాలి. ఎన్నిసార్లు విప్పి బిగించిందో లెక్కలేదు. పసుపు చేతులతోనే రొట్టె తినేది.

"ఇక చాల్లే, బాగానే ఉంది," అని హోస్కీ నస పెట్టేవాడు.

"బాగానే ఉండటం వేరు, బాగుండటం వేరు."

చివరికి ఒకరోజు గుర్తు కరెక్టుగా పంటి నడుమ, వేలితో దిద్దినట్టు పడింది. వెర్నా దాన్ని చాలాసేపు చూసి నవ్వుకుంది. అప్పుడు గాలి గొట్టం దగ్గరికొచ్చింది. దాన్ని ఇనప గొట్టంలోకి దూర్చి, పొగగొట్టానికి దూరంగా, చట్రం లోపలి వైపునుంచి నడిపింది. వేలాడే ముక్క అన్నది లేకుండా చేసింది. టైర్లకి గాలి కొట్టే పంపుకే దాన్ని కలిపింది. బురదలో టైర్ల గాలి తగ్గించడం, పైకొచ్చాక మళ్ళీ కొట్టుకోవడం ఎలాగూ రోజువారీ పనే. ముల్లకంపల మాట హోస్కీ మళ్ళీ ఎత్తలేదు.

మార్చిలో మంచు కరిగింది. ఆ ఏడు మంచు బాగా పడింది, కరగడం కూడా ఒక్క ఊపులో కరిగింది. రాత్రిళ్ళు గడ్డకడితే తెల్లారగట్ల గట్టినేల మీద బళ్ళు పోయేవి. అదీ లేదు. బల్లకొండ దారులు మూసుకుపోయాయని రేడియోలో పొద్దుటిపూట నవాహోలో చెప్తున్నారు. రోడ్డు చదునుచేసే పెద్ద యంత్రం ఒకటి ఇసుకవాగు దాటాక బురదలో మునిగి, దాని పసుపు రంగు తల మాత్రం కనపడుతోంది.

అలాంటి వారంలో వెర్నా ఫోను మోగింది. నెజ్‌బా చిన్నమ్మ. పైన ఫోను అందేది కొండ అంచున ఒక్క రాతి మీదే. అంతదూరం నడిచొచ్చిందంటే మామూలు సంగతి కాదు.

"అమ్మాయీ, షాండియిన్ పెద్దమనిషైంది."

షాండియిన్ చిన్నమ్మ మనవరాలు. పదమూడేళ్ళది. బడికి సెలవులని అమ్మమ్మ దగ్గరికెళ్ళి మంచుకి పైనే చిక్కుకుపోయింది. వాళ్ళమ్మ జెనీవా, అంటే వెర్నాకి చెల్లెలు, కింద చిన్లే ఊళ్ళో ఆస్పత్రిలో పనిచేస్తోంది.

"మంచిమాట చెప్పావు చిన్నమ్మా!"

"మంచిమాటే. ఇక్కడ నీళ్ళు అడుగంటాయి. మొక్కజొన్న పిండి ఒక్క బస్తా ఉంది. పాట పాడే కీ తాత కిందున్నాడు. పిల్ల తల్లి కిందుంది. పిల్ల పొద్దున లేచి తూర్పుకి పరిగెత్తుతోంది, వెనక పరిగెత్తేది నేనూ, రెండు కుక్కలూ. ఇట్టాగేనా మన ఇంటి పిల్లకి చెయ్యడం?"

పిల్ల పెద్దమనిషైతే నవాహోలకి అది నాలుగు రోజుల వేడుక, రోజూ చుట్టాలు వెంటరాగా పిల్ల తూర్పుకి పరిగెత్తాలి. నాలుగో రోజుకి నేలలో గుంట తీసి పెద్ద మొక్కజొన్న రొట్టె కాల్చాలి. దాని పిండి కలపడానికే పీపాలకొద్దీ నీళ్ళు కావాలి. రాత్రి పాటలు పాడాలి. వచ్చే నెలకి వాయిదా వేసుకునే వేడుక కాదది. పిల్ల ఒక్కసారే పెద్దదవుతుంది.

"రేపు వస్తున్నా చిన్నమ్మా," అంది వెర్నా.

"దారి లేదంటున్నారే."

"దారి ఎప్పుడుంది గనక?"

మర్నాడు పొద్దున నీళ్ళ స్టాండు దగ్గర జనం పోగయ్యారు. చుట్టాలందరూ వచ్చారు, పిండి బస్తాలూ, కట్టెలూ, మాంసం, పంచదార డబ్బాలూ పట్టుకుని. ఎవరి బండీ వాగు దాటదని తెలుసు. అయినా వచ్చారు. వెర్నా ట్యాంకు నింపింది, అంచుదాకా.

"సగం నింపితే తేలిగ్గా పోతావు కదే," అందొక పెద్దావిడ.

"సగం నీళ్ళకి సగం రొట్టే వస్తది పెద్దమ్మా."

కీ తాత తలకి ఎర్రగుడ్డ చుట్టుకుని, పాటలప్పుడు విప్పే పూజసామాన్ల మూట గుండెకి ఆనించుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. మధ్యలో జెనీవా. బస్తాల మీద, ట్యాంకుని పట్టుకుని హోస్కీ.

"నువ్వెందుకు బావా?"

"నా వెల్డింగు విరిగితే పక్కన నేనుండాలి. లేకపోతే నన్ను తిట్టడానికి అంతదూరం నడిచి రావాలి నువ్వు."

ఇసుకవాగులో ఎర్రనీళ్ళు పారుతున్నాయి. వెర్నా టైర్ల గాలి తీసి, స్విచ్చి నొక్కింది. సీటు కింద పంపు గుర్రుమంది. వెనక ఎక్కడో ఠక్కున చిన్న చప్పుడు. లాకరు పట్టుకుంది. బండి తడబడకుండా, బరువుగా, ఎద్దులా వాగులో దిగి అవతలికి ఎక్కేసింది. మునిగిన యంత్రం పక్కనుంచి పోతుంటే కీ తాత దానికి టోపీ తీసినట్టు చెయ్యి ఊపాడు. వెనక ఒడ్డు మీద జనం ఈలలు వేశారు.

పక్కవాటు ముందు వెర్నా బండి ఆపింది. మన్ను తళతళ మెరుస్తోంది. స్విచ్చి తీసేసింది. జెనీవా కళ్ళు మూసుకుని అక్క చెయ్యి పట్టుకోబోయి, స్టీరింగు గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది. కీ తాత మాత్రం ఏదో సన్నగా కూనిరాగం మొదలుపెట్టాడు.

నడకకంటే నెమ్మదిగా పోనిచ్చింది. కొండ వైపు వెనక చక్రం అప్పుడప్పుడూ వట్టిగా తిరిగి బురద చిమ్ముతోంది. తిరగనిచ్చింది. లోయ వైపు చక్రం నేలని వదల్లేదు. ఒక్కసారి, సగం దాటాక, బండి వెనకభాగం ఒక జానెడు జారింది. బస్తాల మీదనుంచి ఏ చప్పుడూ లేదు. హోస్కీ మాట్లాడకుండా ఉన్నాడంటే ఎంత భయపడ్డాడో వెర్నాకి తెలుసు. ఆమె గ్యాసు మీద కాలు కొంచెం ఎత్తింది, చక్రాలు ఒక క్షణం ఊపిరి తీసుకున్నట్టు నిమ్మళించాయి, మళ్ళీ తొక్కింది. దాటింది.

ఎదురుగా రాతి మెట్టు. పోయినసారి కడ్డీ తెగింది ఇక్కడే. వెర్నా గొంగడి మీద సర్దుకు కూర్చుంది. స్విచ్చి నొక్కింది. ఠక్.

ముందు చక్రాలు మెట్టు మీదికి పాకాయి. ట్యాంకులో నీళ్ళు వెనక్కి దొర్లాయి. బండి ముక్కు లేచింది. ఇక ఆకాశం తప్ప ఏమీ కనపడటంలేదు. వెనక ఎడమ చక్రం నేల వదిలి గాల్లోకి లేచింది. బరువంతా, నీళ్ళూ పిండీ మనుషులూ అంతా, ఒక్క కుడి కడ్డీ మీదికొచ్చింది. ఇంజను మూలిగింది. సరిగ్గా అప్పుడు కింద ఫట్‌మని గట్టి చప్పుడు.

ఆ చప్పుడు వెర్నాకి తెలుసు. కలలో కూడా విన్నది.

"రాయి! రాయే!" వెనకనుంచి హోస్కీ గొంతు చించుకున్నాడు. "మూత కింద రాయి పగిలింది! ఏం విరగలా, తొక్కు! తొక్కవే తల్లీ!"

తొక్కింది. నేల మీదున్న ఒక్క చక్రం రాతి అంచుని కరిచి పట్టుకుంది. గాల్లో చక్రం దానితోపాటే తాపీగా తిరుగుతోంది, తొందర లేకుండా. బండి ఒక్కో వేలెడూ, ఒక్కో వేలెడూ లేచింది, ఒరిగింది, ఇంకొంచెం లేచి, ధబ్బున నాలుగు చక్రాల మీదా కూర్చుంది. ఎదురుగా బల్లకొండ, చదునుగా, గుబురు పొదలతో, ఎండలో.

హోస్కీ బస్తాల మీద లేచి నిలబడి తోడేలులా ఊళ పెట్టాడు. జెనీవా ఏడుస్తూ నవ్వింది. వెర్నా స్టీరింగు మీద తల ఆనించి, "నాన్నా, ఎక్కేసింది," అని తనకి తాను చెప్పుకుంది.

మధ్యాహ్నపు పరుగు వేళైంది. చిన్నమ్మ ఇంటికి ఇంకా కొంత దూరముండగానే దారిలో ఒక పిల్ల కనపడింది. జుట్టు వెనక్కి కట్టి, మెడనిండా నీలిరాళ్ళ హారాలు గలగలలాడుతుంటే, గౌను కుచ్చెళ్ళు పట్టుకుని తూర్పుకి పరిగెత్తుతోంది. వెనక రెండు కుక్కలు. బండి చప్పుడు విని తిరిగి చూసింది, తల్లిని చూసింది, కానీ ఆగలేదు. ఆ పరుగు మధ్యలో ఆపకూడదు.

జెనీవా బండి ఆగకముందే తలుపు తీసుకుని దూకి, కూతురి వెనక పరుగందుకుంది. హోస్కీ కూడా దూకాడు, బూట్లనిండా బురదతో. వెర్నా బండిని వాళ్ళ వెనక పోనిచ్చింది.

"దాటకమ్మా," అన్నాడు కీ తాత. "ఆ పిల్లని దాటిపోయినవాళ్ళు తొందరగా ముసలైపోతారు."

"తాతా, ఈ బండికి ఇప్పటికే మీ వయసుంది. దానికేం భయం?"

"బండి సంగతి కాదు. నీకింకా చాలా నీళ్ళు మొయ్యాల్సుంది."

అంత కొండ ఎక్కిన బండి ఆ పిల్ల అడుగుల వెనక అడుగులేసినట్టు నడిచింది. ముందు పరుగెత్తే పిల్ల, వెనక తల్లి, దాని వెనక రొప్పుతున్న హోస్కీ, ఆ వెనక నిండు నీళ్ళ ట్యాంకు. నెజ్‌బా చిన్నమ్మ వాకిట్లో నిలబడి, చేత్తో ఎండ ఆపుకుని చూస్తూ, గట్టిగా అరిచింది.

"కుక్కల్తో సరిపెట్టుకుందామనుకున్నాను. ఏకంగా ఊరేగింపే తెచ్చావు కదే!"

పీపాలు నిండాయి. గొర్రెల తొట్టి కూడా నిండింది. కాఫీ తాగిన కప్పు కింద పెట్టకుండానే వెర్నా ఖాళీ బండి తిప్పుకుని కిందికి పోయింది. వాగు అవతల చుట్టాలు ఇంకా అలాగే ఉన్నారు, ఒక్కరూ ఇంటికి పోలేదు. ఆ రోజూ మర్నాడూ ఆమె ఎన్ని తిరుగుళ్ళు తిరిగిందో గానీ, అత్తలూ మామలూ, చంటిపిల్లలూ, రెండు గొర్రెలూ, మాంసం కోసే బల్లతో సహా అందరూ పైకొచ్చారు. పక్కవాటు దగ్గర మనుషుల్ని దింపి నడిపించింది, దాటాక ఎక్కించింది. రాతి మెట్టు దగ్గర పిల్లలు పక్కన నిలబడి, చక్రం గాల్లోకి లేచినప్పుడల్లా చప్పట్లు కొట్టారు. హోస్కీ ప్రతిసారీ వచ్చినవాళ్ళని ఇరుసు దగ్గరికి తీసుకెళ్ళి, వంగి, తన వెల్డింగు చూపించాడు.

"ఇది చూడు. కుట్టుపని ఎంత నీటుగా ఉందో. మా ఆవిడ గౌనుకి కూడా ఇంత నీటుగా కుట్టలేదు."

"లోపలి గేర్లెవరు పెట్టారు?" అని ఎవరో అడిగితే గొంతు తగ్గించి, "అదా... అది మరదలు పెట్టింది. గాలి గొట్టం ఆలోచన కూడా దానిదే," అన్నాడు. అది వెర్నా చెవిన పడింది. ఆమె విననట్టే బండి వెనక్కి తిప్పింది.

ఆడవాళ్ళు పిండి కలిపారు. గుంటలో నిప్పు రగిలించి, బూడిద తీసి, మొక్కజొన్న పొత్తి ఆకులు పరిచి, ఆ చిక్కటి పిండంతా పోసి కప్పారు. పాటలు తెల్లవార్లూ సాగాయి. తెల్లారి పిల్ల ఆఖరి పరుగు పరిగెత్తి వచ్చేసరికి, వెనక యాభై మందికి తక్కువ లేరు. ఒక్కరూ ఆమెని దాటలేదు.

రొట్టె కోసేముందు పిల్లని చిన్నమ్మ గుడిసెలో గొంగళ్ళ మీద పడుకోబెట్టారు. ఈ ఘడియలో పిల్ల ఒళ్ళు మెత్తటి మన్ను లాంటిదని, ఎవరి చేతులు దాన్ని ఒత్తి దిద్దితే ఆ మనిషి గుణాలు వస్తాయని నమ్మకం. అందుకే ఆ చేతులెవరివో ఇంటి పెద్దలు ఎంచుతారు. అందరూ నెజ్‌బా చిన్నమ్మ వైపు చూశారు. చిన్లేలో టీచరమ్మ అత్తయ్య ఉంది, అందంగా చీర నేసినట్టు తివాసీలు నేసే పెద్దమ్మ ఉంది. వెర్నా గుడిసె తలుపు దగ్గర, జనం వెనక, టైరు గాలి కొట్టొచ్చి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడింది.

"వెర్నా, రా," అంది చిన్నమ్మ.

"ఎందుకు చిన్నమ్మా? నీళ్ళు చాల్లేదా?"

అందరూ నవ్వారు. చిన్నమ్మ నవ్వలేదు.

"నీళ్ళు చాలినై. వచ్చి పిల్ల ఒళ్ళు పట్టు."

వెర్నాకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. చేతులు చూసుకుంది. గోళ్ళలో నల్లటి జిడ్డు. ఎంత తోమినా పోనిది. "చిన్నమ్మా, నా చేతులు చూడు ఎట్టా ఉన్నాయో. వేరే ఎవరినైనా..."

"ఆ చేతులే కావాలి," అంది చిన్నమ్మ. "నువ్వు వస్తానన్నావు, వచ్చావు. మా పిల్ల కూడా అట్టాంటిదవ్వాలి. రా."

జనం పక్కకి జరిగి దారిచ్చారు. హోస్కీ దారిలో నిలబడి ఉన్నాడు. ఏదో వేళాకోళం ఆడతాడని వెర్నా సిద్ధపడింది. అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని, తల వంచి పక్కకి తప్పుకున్నాడు.

షాండియిన్ గొంగడి మీద బోర్లా పడుకుని, తల తిప్పి పెద్దమ్మని చూసి సిగ్గుగా నవ్వింది. వెర్నా మోకాళ్ళ మీద కూర్చుంది. కీ తాత పాట ఎత్తుకున్నాడు. ఆమె రెండు చేతులూ చాచి పిల్ల భుజాల మీద వేసింది, గట్టిగా, మెల్లగా ఒత్తుతూ నడుం దాకా, కాళ్ళ దాకా దిద్దుకుంటూ పోయింది, ఈ ఒళ్ళు నిటారుగా ఉండాలని, బరువులకి వంగకూడదని, ఎక్కాల్సినవన్నీ ఎక్కాలని మనసులో అనుకుంటూ. పిల్ల వీపు ఆ చేతుల కింద వెచ్చగా ఉంది. బయట ఎవరో రొట్టె మీది ఆకులు తొలగించారు. వేడి మొక్కజొన్న వాసన గుడిసెంతా కమ్ముకుంది.